సినగాగ్‌లో వాలంటీర్లు దొరకట్లేదా? అనౌన్స్‌మెంట్లు ఆపి బొట్టు పెట్టి పిలవండి

మీ ప్రశ్న చదువుతుంటే మా బోర్డు మీటింగ్‌లో కూర్చున్నట్టే ఉంది నాకు. క్లుప్తంగా మీరడిగింది ఇదీ: మీరు హైదరాబాద్ నుంచి వచ్చి ఒహాయోలో చిన్న ఊళ్ళో ఉంటున్నారు, మీ ఆవిడ యూదులు, మీరు మతం మారలేదు, పిల్లలిద్దరూ అక్కడి యూదుల ప్రార్థనాలయంలో, అంటే సినగాగ్‌లో హీబ్రూ స్కూల్‌కి వెళ్తున్నారు, 120 కుటుంబాల కన్సర్వేటివ్ (పాత ఆచారాలు ఉంచుకుంటూనే కాలంతో కొంత మారే యూదు శాఖ) సినగాగ్, మొహమాటానికి సరే అంటే మిమ్మల్ని తీసుకెళ్ళి వాలంటీర్ కమిటీలో వేశారు. ఏ పనికైనా అదే ఎనిమిది మంది, అందరూ డెబ్భై దాటినవాళ్ళు. ప్రతి శనివారం అనౌన్స్ చేస్తారు, ప్రతి గురువారం ఈమెయిల్ వెళ్తుంది, ఒక్కరూ కదలరు. "జనానికి పట్టదా, లేక మేమే ఏదన్నా తప్పు చేస్తున్నామా" అన్నారు.

తప్పు చేస్తున్నారు. ఏమీ అనుకోకండి, మేమూ పదేళ్ళు అదే తప్పు చేశాం.

నా సంగతి రెండు ముక్కల్లో. మాది తెనాలి. న్యూజెర్సీ వచ్చి 26 ఏళ్ళు, మావారు యూదులు, పెళ్ళైన నాలుగేళ్ళకి నేనూ యూదు మతం తీసుకున్నా. మాదీ కన్సర్వేటివ్ సినగాగే, 170 కుటుంబాలు. కిచెన్‌లో గిన్నెలు కడగడంతో మొదలెట్టి, వాలంటీర్ల లెక్కలు చూసి, బోర్డులో ఆరేళ్ళుండి, చివరికి ప్రెసిడెంట్‌గా రెండేళ్ళు తిట్లు తిన్నా. కాబట్టి పుస్తకాల్లోది కాదు, చేసి చూసింది చెప్తా.

సూటిగా జవాబు: జనం లేక కాదు, వాళ్ళని ఎవరూ పిలవక. అనౌన్స్‌మెంట్ పిలుపు కాదండీ. మన ఊళ్ళో పెళ్ళికి గ్రూపులో కార్డు పెడితే "చూద్దాంలే" అనుకుంటాం, అదే ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిస్తే ఎంత పనున్నా వెళ్ళొస్తాం. సినగాగ్‌లోనూ అంతే. ఒక మనిషి ఇంకో మనిషి దగ్గరికెళ్ళి, పేరు పెట్టి, ఫలానా పని, ఫలానా రోజు, రెండు గంటలు, ఆ తర్వాత నీకు సెలవు అని అడగాలి. ఇక రెండోది, ఇది మీ ఎనిమిది మందికీ నచ్చదు: పని చేతిలోంచి వదలండి. కొత్తవాళ్ళు రాకపోవడానికి సగం కారణం పాతవాళ్ళు పని ఇవ్వకపోవడమే.

ముందు అనౌన్స్‌మెంట్ సంగతి. మీరు అడిగేది ఎప్పుడు? షబ్బాత్ నాడు, అంటే శనివారం పొద్దున ప్రార్థన అయ్యాక. ఆ రోజు రాయకూడదు, ఫోన్ ముట్టుకోకూడదు అనేది ఆ మతంలో ఉన్న నియమమే కదా, ఇంట్లో ఎంతమంది పాటిస్తారనేది వేరే సంగతి, సినగాగ్ లోపల మాత్రం కన్సర్వేటివ్ వాళ్ళు కూడా చాలావరకు పాటిస్తారు. మరి "ఫుడ్ ప్యాంట్రీకి (లేనివాళ్ళకి సరుకులిచ్చే చోటుకి) మనుషులు కావాలి, పేరివ్వండి" అని మీరు అంటే వినేవాళ్ళు పేరు ఎక్కడ రాస్తారు? సాయంత్రం నక్షత్రాలు కనపడి షబ్బాత్ ముగిసేదాకా ఆగి అప్పుడు గుర్తు పెట్టుకుని ఈమెయిల్ చెయ్యాలి. ఎవరు చేస్తారు? నేనే చెయ్యను.

దీనికి ఉపాయం యూదుల దగ్గరే ఉంది. యోమ్ కిప్పుర్ అనే ఉపవాసపు క్షమాపణ రోజుకి ముందు రాత్రి, కోల్ నిద్రే ప్రార్థనకి, ఏడాది మొత్తంలో ముఖం చూపించనివాళ్ళు కూడా వస్తారు. ఆ రాత్రి చందాలు అడగడం చాలా సినగాగ్‌లలో ఆనవాయితీ, రాయకూడదు కాబట్టి ఒక అట్టముక్క కార్డు ఇస్తారు, దాని అంచున చిన్న చిన్న చెవులుంటాయి, ఒక్కోదాని మీద ఒక్కో మొత్తం, మీరివ్వదలుచుకున్న దగ్గర చెవి మడిచేసి వెళ్ళిపోవడమే. మేం అలాంటిదే ఇంకో కార్డు చేయించాం, డాలర్ల బదులు పనులు. "నెలకోసారి ఒక పెద్దాయన్ని కారులో తీసుకొస్తా", "దుఃఖంలో ఉన్న ఇంటికి ఒక పూట భోజనం పంపుతా", "పన్నెండు మందికి ఫోన్లు చేస్తా", "ఎత్తు స్టూలెక్కి బల్బులు మారుస్తా". ఆఖరిది జోక్‌గా పెట్టాం, దానికే ఎక్కువ చెవులు మడిచారు.

కానీ మొదటి ఏడాది ఏం జరిగిందో వినండి. 61 కార్డులొచ్చాయి, మేం పొంగిపోయాం, ఆ కార్డుల డబ్బా ఆఫీసులో పెట్టా, సుక్కోత్ పండగ హడావిడిలో పడ్డాం, మళ్ళీ ఆ డబ్బా కనపడింది హనుక్కా దీపాలు వెతుకుతుంటే. రెండు నెలలు! తప్పు పూర్తిగా నాదే. అప్పుడు ఫోన్ చేస్తే సగంమంది "నేను మడిచానా?" అన్నారు. చెయ్యి పైకెత్తినవాణ్ణి రెండు వారాల్లో పలకరించకపోతే వాడు మళ్ళీ ఎత్తడు, పైగా మనసులో చిన్న కినుక. రెండో ఏడాది నుంచి యూదుల క్యాలెండర్‌లోని హెష్వాన్ నెలలో ఫోన్లు పెట్టుకున్నాం. పండగలన్నీ తిష్రీ నెలలో కుప్పబడి, ఆ తర్వాత వచ్చే హెష్వాన్‌లో ఒక్క పండగ కూడా ఉండదు, మన శూన్యమాసం లాగా ఖాళీ. రబ్బైకి, అంటే మతగురువుకి తీరిక, ఆఫీసుకి తీరిక. ఐదుగురు కూర్చుని ఒక్కొక్కరు పదేసి ఫోన్లు చేస్తే వారంలో అయిపోయింది.

ఫోన్ ఎత్తగానే పని అడక్కండి మళ్ళీ. "ఎలా ఉన్నారు, అమ్మగారి మోకాలు ఎలా ఉంది" అని అడగండి, విని రాసుకోండి. ఇరవై నిమిషాల ఫోన్‌లో ఆ మనిషికి ఏం వచ్చో, ఏం ఇష్టమో, ఏం బాధో తెలుస్తుంది. ఒకావిడ గురించి అందరూ "ఆవిడ రాదు, గర్వం" అనేవాళ్ళు. నేను ఫోన్ చేస్తే తెలిసింది ఏంటంటే ఆవిడ ఏడేళ్ళ క్రితం లైబ్రరీ సర్దుతానని ముందుకొస్తే "మేం చూసుకుంటాంలే" అన్నారట. ఎవరన్నారో కూడా పేరుతో సహా చెప్పింది! ఆవిడ వృత్తిరీత్యా లైబ్రేరియన్ అండీ బాబూ.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. సినగాగ్‌లో అన్నిటికన్నా కష్టమైన పని ఏది? శవాన్ని శుద్ధి చెయ్యడం. దాన్ని చేసే బృందాన్ని హెవ్రా కదీషా అంటారు. పోయినవాళ్ళు ఆడవాళ్ళైతే ఆడవాళ్ళు, మగవాళ్ళైతే మగవాళ్ళు, నలుగురైదుగురు కలిసి వెళ్ళి కడిగి, తెల్ల నారబట్టలు తొడిగి పెట్టెలో ఉంచాలి. జీతం లేదు, పేరు బయటికి చెప్పరు, ఎవర్ని కడిగామో మాట్లాడుకోరు. మరి నా 22 ఏళ్ళలో మా సినగాగ్‌లో ఈ ఒక్క పనికి మనుషులు తక్కువవ్వడం నేను చూళ్ళేదు, కాఫీ పెట్టడానికేమో మనిషి దొరకడు! ఎందుకో చాలా రోజులు ఆలోచించా.

నన్ను అందులోకి ఎలా తీసుకున్నారో చెప్తే మీకే అర్థమవుతుంది. మతం తీసుకున్న మూడో ఏడు, మా వీధి చివర ఉండే పెద్దావిడ ఒక మంగళవారం సాయంత్రం ఇంటికొచ్చి టీ తాగి, "రేపు పొద్దున ఏడింటికి నువ్వు నాతో రావాలి, ఏమీ చెయ్యక్కర్లేదు, నిలబడు చాలు, తట్టుకోలేకపోతే బయట కూర్చో, ఎవరూ ఏమీ అనరు" అంది. అంతే. "మాకు మనుషులు తక్కువగా ఉన్నారు" అనలేదు. నాకు నువ్వు కావాలి అంది. వెళ్ళా. గోడకి ఆనుకుని నిలబడ్డా. ముందు వెచ్చటి నీళ్ళతో మెల్లగా ఒళ్ళు తుడిచారు, తుడుస్తున్న భాగం తప్ప మిగతాదంతా దుప్పటి కప్పే ఉంచారు. తర్వాత దాదాపు 23 లీటర్ల నీళ్ళు, ధార తెగకుండా తల నుంచి కాళ్ళ దాకా పొయ్యాలి. మూడు బకెట్లు, మొదటిది అయిపోకముందే రెండోది మొదలవ్వాలి. రెండో బకెట్ ఎత్తుతున్నావిడ చెయ్యి వణికింది, ఆవిడకి ఎనభై దగ్గర. ఎవరూ నన్ను పిలవలేదు, నేనే వెళ్ళి బకెట్ అడుగున చెయ్యి పెట్టా. చివర్లో పోయినావిడని హీబ్రూ పేరుతో పిలిచి, మా చేతుల్లో ఏదైనా పొరపాటు జరిగితే క్షమించమని అడిగారు. మన వైపు కూడా పోయినవాళ్ళకి ఇంటివాళ్ళే స్నానం చేయిస్తారు కాబట్టి నాకు భయం వెయ్యలేదు, మా నాయనమ్మ గుర్తొచ్చింది.

చూశారా అందులో ఏమేం ఉన్నాయో. తెలిసిన మనిషి పిలిచింది. మొదటిసారి చూస్తే చాలంది. తప్పుకోడానికి దారి చూపించింది. పక్కన నలుగురున్నారు, ఒంటరిగా పడెయ్యలేదు. పని ఎందుకో ఎవరూ వివరించక్కర్లేదు, పోయినవాళ్ళు తిరిగి ఏమీ ఇవ్వలేరు కాబట్టి దీన్నే నిజమైన దయ అంటారు వాళ్ళ సంప్రదాయంలో. పైగా ఏడాదికోసారి యూదుల అదార్ నెల 7న, మోషే పోయిన రోజని నమ్మే రోజున, హెవ్రా వాళ్ళు పగలు ఉపవాసం ఉండి రాత్రికి కలిసి భోజనం చేసే ఆచారం ఉంది. కొత్తవాళ్ళని ఆ భోజనం దగ్గరే చేర్చుకుంటారు మా దగ్గర. మీ కాఫీ డ్యూటీకి ఇందులో ఒక్కటైనా ఉందా? "అర్న్ (కాఫీ కాచే పెద్ద పాత్ర) దగ్గర ఎవరైనా ఉండండి ప్లీజ్" అని మైకులో అరుస్తారు.

అర్న్ అంటే గుర్తొచ్చింది, రెండో జబ్బు గురించి. షబ్బాత్ ప్రార్థన అయ్యాక అందరూ కలిసి తినే ఫలహారం ఉంటుందిగా, కిద్దూష్, అది మా దగ్గర ఒకే ఒక్కావిడ 31 ఏళ్ళు నడిపింది. మహా ఇల్లాలు. యూదుల వంటలో పాలూ మాంసమూ కలపరు, అందుకని పాల గిన్నెల అలమారకి నీలం టేపు, మాంసం గిన్నెల అలమారకి ఎర్ర టేపు, తాళాలు మాత్రం ఆవిడ హ్యాండ్‌బ్యాగులో. ఒక శీతాకాలం ఆవిడ జారిపడి తుంటి విరిగింది. ఆ శనివారం మేం వెళ్తే తాళాల్లేవు, పెద్ద కాఫీ అర్న్ చల్లగా ఉంది, ఎందుకంటే దాన్ని శుక్రవారం సూర్యాస్తమయం లోపు నింపి స్విచ్ వెయ్యాలి, షబ్బాత్ మొదలయ్యాక వెయ్యకూడదు, ఆ సంగతి ఆవిడకొక్కదానికే అలవాటు. తొంభైమంది చల్లటి యాపిల్ జ్యూస్ తాగి ఇళ్ళకెళ్ళారు. అందరూ ఆవిడ గొప్పతనం తలుచుకున్నారు గానీ నాకు ఒళ్ళు మండింది, ముప్పై ఏళ్ళు ఒక మనిషి మీద అంత బరువు పెట్టి, ఆవిడే ఇష్టంగా చేస్తోందిలే అని మనమంతా హాయిగా తింటూ కూర్చున్నాం కదా అని. దున్నే ఎద్దునే పొడుస్తాం మనం, అక్కడైనా ఇక్కడైనా.

నేను రిహాబ్ సెంటర్‌కి నోట్‌బుక్ పట్టుకుని వెళ్ళా. నాలుగు మధ్యాహ్నాలు ఆవిడ మంచం మీద నుంచి చెప్తుంటే రాసుకున్నా. ట్యూనా ఎన్ని డబ్బాలు, హల్లా రొట్టె ఏ షాపు, ఎవరికి గ్లూటెన్ పడదు, అర్న్ మీద ఏ గీత దాకా నీళ్ళు. మూడో రోజు ఆవిడ ఏడ్చింది, "ఇది నాతోనే పోతుందనుకున్నా, ఎవరూ ఎప్పుడూ అడగలేదు" అంది. ఇది మాత్రం గుర్తుంచుకోండి: పాతవాళ్ళ చేతిలోంచి పని లాక్కోకండి, నేర్పించమని అడగండి. పని లాక్కుంటే మనసు నొచ్చుకుంటుంది, నేర్పమంటే గురువవుతారు. ఆ నోట్‌బుక్ ఇప్పుడు ఫ్రిజ్ పక్కన దారంతో వేలాడుతుంటుంది.

ఆ తర్వాత కిద్దూష్‌కి స్వచ్ఛంద సేవ అనే మాటే తీసేశాం, వంతు పెట్టాం. దీని మీద మా రబ్బైతో నాకు పెద్ద చర్చే జరిగింది. నిర్గమకాండంలో రెండు రకాల ఇవ్వడాలున్నాయి చూడండి. 30వ అధ్యాయంలో అరతులం వెండి, ధనవంతుడు ఎక్కువ ఇవ్వకూడదు, పేదవాడు తక్కువ ఇవ్వకూడదు, అందరికీ ఒకటే. 35, 36 అధ్యాయాల్లో గుడారం కట్టడానికి మాత్రం ఎవరి మనసు ఎంత కదిలితే అంత, చివరికి జనం ఎంత తెచ్చారంటే మోషే ఇక చాలు, తేవద్దు అని దండోరా వేయించాల్సొచ్చింది. చరిత్రలో విరాళాలు వద్దన్న కమిటీ అదొక్కటేనేమో! సినగాగ్‌కి రెండూ కావాలి. బల్లలు వెయ్యడం, తియ్యడం, గిన్నెలు కడగడం అరతులం లాంటివి, వాటికి మనసు కదలాలని ఎదురు చూస్తే ఎప్పటికీ కదలదు. 170 కుటుంబాలు, ఏడాదికి 48 శనివారాలు, వారానికి మూడు నాలుగు ఇళ్ళు, ఒక్కో ఇంటికి ఏడాదికి ఒకే ఒక్క వంతు. కుదరకపోతే వేరేవాళ్ళతో మార్చుకోవచ్చు. మొదట్లో పది ఇళ్ళవాళ్ళు గొణిగారు, ఇద్దరు కోప్పడ్డారు, మిగతావాళ్ళు వచ్చి చేసి వెళ్ళారు. అంతకన్నా విశేషం, గిన్నెల దగ్గర పక్కపక్కన నిలబడ్డ ఇళ్ళు స్నేహితులయ్యాయి. మీకు 120 ఇళ్ళు కాబట్టి వారానికి రెండు మూడు ఇళ్ళు పడతాయి, సరిపోతుంది.

మీ ప్రశ్నలో "కొత్త ఊపు" అనే మాట కూడా ఉంది. అది వాలంటీర్ల లిస్టుతో రాదు, పక్క మనిషి పేరు తెలిస్తే వస్తుంది. అమెరికాలో దీనికి మంచి ఉదాహరణలున్నాయి. 1970ల మొదట్లో కాలిఫోర్నియాలో ఎన్సినో అనే చోట వ్యాలీ బెత్ షాలోమ్ సినగాగ్‌లో రబ్బై హెరాల్డ్ షుల్వైస్ అంత పెద్ద సంఘాన్ని పదేసి కుటుంబాల చిన్న గుంపులుగా చేశాడు, హవురా అంటారు వాటిని. ఆ గుంపు నెలకోసారి ఎవరింట్లోనో కలుస్తుంది, చదువుకుంటుంది, తింటుంది, ఒకరికి కష్టమొస్తే మిగతా తొమ్మిది ఇళ్ళూ కదులుతాయి. తర్వాత ఎన్నో సినగాగ్‌లు దాన్ని పట్టుకున్నాయి. ఇంకోటి న్యూయార్క్ మన్‌హాటన్‌లో బ్నాయ్ జెషురున్. 1825లో పుట్టిన సంఘం, 1980ల నాటికి బాగా చిక్కిపోయింది. 1985లో అర్జెంటీనా నుంచి తిరిగొచ్చిన రబ్బై మార్షల్ మేయర్ అక్కడ చేరి సంగీతం, ఇల్లు లేనివాళ్ళకి ఆశ్రయం, వీధిలో అన్యాయం మీద మాట్లాడటం, అన్నీ ప్రార్థనతో కలిపేశాడు. 1991లో హాలు సీలింగ్ కూలితే దగ్గర్లోని చర్చిలో ప్రార్థనలు పెట్టుకున్నారు, జనం తగ్గలేదు సరికదా నిండిపోయారు. అందరి దగ్గరా అలాంటి రబ్బై ఉండడు, మన్‌హాటన్ లాంటి ఊరూ ఉండదు, కాబట్టి దాన్ని చూసి మీ రబ్బైని పోల్చి బాధపెట్టకండి. షుల్వైస్ పద్ధతి మాత్రం ఒహాయోలో కూడా చెయ్యొచ్చు, ఇళ్ళూ భోజనాలే కదా కావాల్సింది.

హవురాలు మేం ఆరు మొదలెడితే రెండు ఏడాదిలో ఆగిపోయాయి. పిల్లల వయసులు కలవనివాళ్ళని ఒకచోట వేశాం, అదీ తప్పు. మిగతా నాలుగూ ఇప్పటికీ నడుస్తున్నాయి.

కొత్తది పెట్టే ముందు పాతది ఒకటి ఆపండి. ఇది ఎవరూ చెప్పరు. మా దగ్గర పాతబట్టల అమ్మకం అని ఏటా జరిగేది, నలభై మంది నాలుగు రోజులు చాకిరీ చేస్తే వచ్చేది ఎంతో లెక్కేస్తే ఒక్కొక్కరు ఇంట్లో కూర్చుని చిన్న చెక్కు రాసిచ్చినా అంతకన్నా ఎక్కువే. ఆపేస్తే ముగ్గురు బాధపడ్డారు. ఆ ముగ్గురికీ ఆ అమ్మకంలో కావాల్సింది కబుర్లు, అంతే. వాళ్ళని ఫుడ్ ప్యాంట్రీ అరల దగ్గర కలిపి వేశాం.

కుర్రవాళ్ళ సంగతి. ప్యూ రీసెర్చ్ అనే అమెరికా సర్వే సంస్థ 2020లో చేసిన సర్వే ప్రకారం అమెరికా యూదుల్లో వారం వారం సినగాగ్‌కి వెళ్ళే పెద్దవాళ్ళు 12 శాతం. అంటే "రావట్లేదు" అని ఏడవడం వదిలెయ్యాలి, రాకపోవడమే మామూలు. ముప్ఫై ఏళ్ళవాడిని కమిటీలో వేస్తే ఆ ఒక్క మీటింగ్‌తోనే పారిపోతాడు. కమిటీ వద్దు, పని ఇవ్వండి, గడువు ఇవ్వండి, ఎలా చెయ్యాలో మీరు చెప్పకండి. పూరీమ్ పండగకి ఒక కుర్రజంటకి అప్పజెప్తే హాలంతా పాత వీడియోగేమ్ లాగా మార్చేశారు, మా సీనియర్లకి తల తిరిగింది, పిల్లలు మాత్రం అర్ధరాత్రి దాకా ఇంటికి వెళ్ళనన్నారు. నాకూ ఆ శబ్దం నచ్చలేదు. నోరు మూసుకున్నా, వాలంటీర్ల పనిలో సగం అదే.

మిన్యాన్, అంటే ప్రార్థనకి కావాల్సిన పది మంది, దాని గురించి ఒక మాట. కద్దిష్ చెప్పాలంటే, అంటే తల్లో తండ్రో పోయినవాళ్ళు పదకొండు నెలలు చెప్పే ప్రార్థన, పది మంది పెద్ద యూదులు ఉండాలి. కన్సర్వేటివ్‌లో 1973 నుంచి ఆడవాళ్ళనీ లెక్కపెట్టుకోవచ్చు. "వారపు ప్రార్థనకి దయచేసి రండి" అంటే ఎవరూ రారు. "ఎనిమిది మందిమి ఉన్నాం, ఫలానా ఆయన నాన్నగారి కద్దిష్, ఇంకా ఇద్దరు కావాలి, 7:30" అని గ్రూపులో పెట్టి చూడండి, చెప్పులేసుకుని పరిగెత్తుకొస్తారు. తన అవసరం ఉందని తెలిస్తే మనిషి కదులుతాడు. ఆ పది మంది దొరక్కపోతే ఎలా ఉంటుందో కొచ్చిలో చూశా. మట్టాంచేరి పరదేశి సినగాగ్ 1568 నాటిది, నీలం బొమ్మల టైల్స్ నేల, వేలాడే దీపాలు, అంత అందంగా ఉంటుంది, జనం దాదాపు అందరూ ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు, ఇప్పుడు వచ్చేది టూరిస్టులే. మరోపక్క మా తెనాలికి దగ్గర్లోనే, చేబ్రోలు పక్క కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ వాళ్ళు, తెలుగు యూదులు, చిన్న సినగాగ్ పెట్టుకుని నడుపుకుంటున్నారు. డబ్బూ భవనమూ తర్వాతి సంగతి అని అర్థమైంది నాకు.

మీ గురించి. మతం మారని భర్త ఇందులో ఎంతవరకు చొరవ తీసుకోవచ్చు అని మొహమాటపడుతున్నట్టున్నారు. అదే ప్యూ సర్వేలో 2010 తర్వాత పెళ్ళైన అమెరికా యూదుల్లో 61 శాతం మంది యూదులు కానివాళ్ళని చేసుకున్నారు. మీ హీబ్రూ స్కూల్ పేరెంట్స్‌లో మీలాంటివాళ్ళు బోలెడుమంది ఉండుంటారు, వాళ్ళని ఇంతవరకు ఎవరూ ఏమీ అడిగుండరు. మీరు మిన్యాన్‌లో లెక్కకి రారు, తోరా, అంటే వాళ్ళ పవిత్ర గ్రంథం, చదివేటప్పుడు ముందుకు పిలిచే ఆలియా అనే గౌరవానికి పిలవరు, అది నియమం, దాని మీద వాదించకండి. కానీ మిన్యాన్‌కి పదో మనిషైన ముసలాయన్ని మంచులో కారెక్కించి తీసుకురావడం మీ చేతిలో ఉంది. అకౌంట్లు, ఫుడ్ ప్యాంట్రీ, బిల్డింగు, ఫోన్లు, అన్నీ చెయ్యొచ్చు. ఏది చెయ్యొచ్చు ఏది కూడదు అనేది రబ్బైతో కూర్చుని ఒక పేజీ రాయించుకోండి, లేకపోతే ఎవరో ఒకరు అందరి ముందు ఆపేస్తారు, ఆ అవమానంతో మీరు మళ్ళీ ఆ గడప తొక్కరు. మా దగ్గర ఒకతనికి అలాగే అయింది.

ఎవరైనా మీ ముందు గొణిగితే యిత్రోని గుర్తు చెయ్యండి. నిర్గమకాండం 18లో మోషే పొద్దున్నుంచి రాత్రిదాకా ఒక్కడే కూర్చుని తగువులు తీరుస్తుంటే, మిద్యాను యాజకుడైన మామగారొచ్చి చూసి "నువ్వు చేసేది బాగాలేదు, నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు" అని చెప్పి వెయ్యిమందికి, వందకి, యాభైకి, పదిమందికి ఒక్కో పెద్దని పెట్టించాడు. వాలంటీర్ కమిటీకి మొదటి సలహా ఇచ్చింది వేరే మతం నుంచి వచ్చిన చుట్టమేనండీ. తోరాలో ఆ భాగానికి పేరే యిత్రో.

ఇంకొన్ని త్వరగా. గుమ్మం దగ్గర ఒక మనిషిని పెట్టండి. 2018 అక్టోబర్ 27న పిట్స్‌బర్గ్‌లో ట్రీ ఆఫ్ లైఫ్ భవనంలో 11 మందిని చంపేశాక చాలా సినగాగ్‌లు తలుపులు తాళం వేసి గార్డుని పెట్టుకున్నాయి, తప్పదు, కానీ మొదటిసారి వచ్చినవాళ్ళకి కనపడేది తుపాకీ పెట్టుకున్న మనిషి. గార్డు పక్కన మీ సంఘం మనిషి ఒకరు నవ్వుతూ ఉండాలి, పేరు అడగాలి, లోపల ఒకరి పక్కన కూర్చోబెట్టి రావాలి. ఇది పేరెంట్స్‌కి బాగా నచ్చే డ్యూటీ, పిల్లల క్లాసు జరిగే గంటన్నరలో అయిపోతుంది. పిల్లలతో పనిచేసేవాళ్ళెవరికైనా బ్యాక్‌గ్రౌండ్ చెక్ తప్పనిసరి, ఎంత పాత మెంబరైనా సరే, ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి. ఏ బాధ్యతైనా రెండేళ్ళు మించి ఒకరి దగ్గర ఉంచకండి, దిగిపోయే తేదీ మొదటి రోజే చెప్పండి, అది తెలిస్తేనే ఒప్పుకుంటారు. ఇక థాంక్స్ చెప్పడానికి ఏటా ఫలకాలు పంచే వ్యవహారం మాకు కలిసిరాలేదు, ఒకరి పేరు మర్చిపోయి నాలుగు నెలలు మొహాలు చూసుకోలేదు. చేతిరాత ఉత్తరం చాలు.

వచ్చే వారం మీరు చెయ్యాల్సింది: 120 ఇళ్ళ లిస్టు ప్రింట్ తీసి ఆ ఎనిమిది మందితో కూర్చోండి. ఎవరికి ఎవరు తెలుసో టిక్కులు పెట్టండి. ఒక్క టిక్కు కూడా పడని ఇళ్ళు ముప్పై దాకా తేలతాయని నా అంచనా, మాకు 44 తేలాయి. ఆ ఇళ్ళతో మొదలుపెట్టండి. ఫోన్ కాదు, వెళ్ళి రండి.

కిద్దూష్‌కి మీ ఇంటి వంతొచ్చినప్పుడు పులిహోర చేసుకెళ్ళండి. అందులో పాలూ లేవు, మాంసమూ లేదు కాబట్టి అటు ఇటు దేనితోనైనా తినొచ్చు, శుక్రవారం మధ్యాహ్నమే కలిపేస్తే శనివారానికి ఊరి ఇంకా బాగుంటుంది, వేడి చెయ్యక్కర్లేదు. వండేది మాత్రం వాళ్ళ కిచెన్‌లోనే, వాళ్ళ గిన్నెల్లోనే, కోషర్ ముద్ర (యూదుల ఆహార నియమాలకి సరిపడుతుందనే గుర్తు) ఉన్న సరుకులతోనే. ఇంగువ డబ్బా మీద ఆ ముద్ర దొరకడం కష్టం, మానెయ్యండి. బిల్డింగ్‌లో ప్రీస్కూల్ ఉంటే వేరుశనగలు, జీడిపప్పు కూడా వద్దు, శనగపప్పు రెండు గుప్పిళ్ళు ఎక్కువ వెయ్యండి. మా వాళ్ళు దాన్ని ఎల్లో రైస్ అంటారు, రెండో విడతకి అడుగంటుతుంది.